సీటు ఖాయం చేసుకునే ముందే పైసల లెక్క

(హనుమకొండలో ఇంటర్ పూర్తిచేసిన విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు జరిపిన సమావేశంలో ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడి ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తోలే రోజుల్లో పని పక్కన పెట్టి పిల్లలతో పాటు వచ్చిన తల్లిదండ్రులకు మరీ మరీ నమస్కారం. భూపాలపల్లి నుంచి, జమ్మికుంట నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్ళున్నారని ఇప్పుడే చెప్పారు. అందుకని నేరుగా సంగతిలోకి వస్తాను.

పిల్లల పరీక్షలు అయిపోయాయి. మీ ఫోన్లు అప్పుడే మోగడం మొదలై ఉంటుంది. "మీ బాబుకు మా కాలేజీలో సీఎస్ఈ సీటుంది, ఇప్పుడే బుక్ చేసుకుంటే ఫీజు తగ్గిస్తాం" అని ఒక పీఆర్వో మాట్లాడతాడు. మీ నంబరు అతనికి ఎవరిచ్చారో మీకు తెలియదు. రెండోసారి ఫోన్ చేసినప్పుడు "సీట్లు అయిపోతున్నాయి" అంటాడు. మూడోసారి ఇంటికే వస్తాడు. తండ్రికి టెన్షన్ పట్టుకుంటుంది. ఉన్న పదివేలో ఇరవై వేలో అడ్వాన్సు కింద చేతిలో పెట్టేస్తాడు.

నేను మీకు చెప్పదలచుకున్నది ఒకటే. మన దగ్గర ముందు సీటు తీసుకుంటారు, ఆ తర్వాత డబ్బు సంగతి ఆలోచిస్తారు. ఈ వరస మార్చుకోవాలి. సీటు ఏ దారిన వచ్చిందన్నదాన్ని బట్టే మీకు ఏ సాయం అందుతుందో, ఏది అందదో తేలిపోతుంది. ఒకసారి చేరాక ఆ దారి మార్చుకోవడం మన చేతిలో ఉండదు.

మా ముందు తరంలో వారాలు చేసుకుని చదువుకున్నవాళ్ళున్నారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో అన్నం తిని, ఎవరి అరుగు మీదో పడుకుని చదివారు. 1959లో ఇక్కడ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ పెట్టినప్పుడు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి కాలేజీ గడప తొక్కిన పిల్లల్లో చాలామంది వాళ్ళ ఇళ్ళల్లో మొదటివాళ్ళు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే పేద పిల్లల కాలేజీ ఫీజు ప్రభుత్వమే కట్టే పథకం వచ్చింది. ఉపాధి కూలీకి వెళ్ళే తల్లి కొడుకు ఇంజినీరయ్యాడు, ఆటో నడిపే తండ్రి కూతురు ఫార్మసీ చదివింది. ఈ పథకం మీద నాకు చాలా ఫిర్యాదులున్నాయి, అవీ చెబుతాను. కానీ అది చేసిన మేలును క్లాసు గదిలో నిలబడి కళ్ళారా చూసినవాణ్ణి, దాన్ని తక్కువ చేసి మాట్లాడలేను.

ఆ పథకం ఎలా పనిచేస్తుందో చూద్దాం. తెలంగాణ ఈపాస్ అనే వెబ్‌సైటులో దరఖాస్తు పెట్టాలి. దాంట్లో రెండు భాగాలుంటాయి. ఒకటి ఆర్టీఎఫ్, అంటే కాలేజీ ట్యూషన్ ఫీజు. రెండోది ఎంటీఎఫ్, అంటే విద్యార్థి మెస్సు, చేతిఖర్చు కోసం ఇచ్చేది. బీసీ కుటుంబాలకు, ఈబీసీ అంటే ఆర్థికంగా వెనకబడిన కుటుంబాలకు ఏడాది ఆదాయం పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు దాటకూడదు. ఎస్సీ, ఎస్టీలకు పరిమితి వేరు. హాజరు 75 శాతం ఉండాలి. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేయించుకోవాలి. మొదటి ఏడాది పెట్టాం కదా, నాలుగేళ్ళూ అదే వస్తుందిలే అని ఊరుకుంటే రెండో ఏడాదే ఆగిపోతుంది.

ఇది కన్వీనర్ కోటా సీటుకే, అంటే ప్రవేశ పరీక్ష ర్యాంకు మీద ప్రభుత్వ కౌన్సెలింగులో వచ్చే సీటుకే వర్తిస్తుంది. కాలేజీ వాళ్ళే నింపుకునే మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే మీ ఆదాయం ఎంత తక్కువైనా, మీ కులం ఏదైనా ఒక్క రూపాయి రాదు. కౌన్సెలింగు అయ్యాక మిగిలిన సీట్లలో చేర్చుకునే స్పాట్ అడ్మిషన్ కూడా అంతే. ఆ పీఆర్వో ఫోన్లో ఈ ముక్క చెప్పడు. "రీయింబర్స్‌మెంట్ మేం చూసుకుంటాంలే" అని కూడా అంటాడు. ఎలా చూసుకుంటావో కాయితం మీద రాసివ్వు బాబూ అని అడిగి చూడండి, ఇవ్వడు.

ఇంకో లెక్క. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కన్వీనర్ కోటాలో పూర్తి ట్యూషన్ ఫీజు ప్రభుత్వం కడుతుంది. బీసీ, ఈబీసీ పిల్లలకు ఇంజినీరింగ్‌లో, ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ ర్యాంకు పదివేల లోపు వస్తే పూర్తి ఫీజు. ఆపైన ర్యాంకులకు మామూలుగా ఇచ్చేది 35 వేలు. ప్రభుత్వ కాలేజీల్లో, గురుకులాల్లో చదివి వచ్చినవాళ్ళకు కొన్ని మినహాయింపులున్నాయి, మీరు ఆ కోవలోకి వస్తే జిల్లా బీసీ సంక్షేమ శాఖ ఆఫీసుకు వెళ్ళి తప్పకుండా అడగండి. మిగతావాళ్ళు నాతో పాటు లెక్క వేయండి. నోటుబుక్కు తీయండి, నోటి లెక్క వద్దు.

కన్వీనర్ కోటాలోనే ఒక కాలేజీ ఫీజు ఏడాదికి లక్ష అనుకుందాం. మీ ర్యాంకు నలభై వేలు. ప్రభుత్వం ఇచ్చేది 35 వేలు. మీ జేబులోంచి కట్టేది 65 వేలు. నాలుగేళ్ళకు 2 లక్షల 60 వేలు. హాస్టలు, బస్సు, పరీక్ష ఫీజులు దీంట్లో లేవు. ఇదే ర్యాంకుకు ఫీజు 60 వేలున్న ఇంకో కాలేజీలో సీటొస్తే మీరు కట్టేది ఏడాదికి పాతిక వేలు, నాలుగేళ్ళకు లక్ష. రెండు కాలేజీల మధ్య తేడా లక్షా అరవై వేలు. కౌన్సెలింగులో కాలేజీలను ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు పిల్లవాడు పేరు చూస్తాడు, బ్రాంచి చూస్తాడు, స్నేహితుడు ఎక్కడ పెట్టాడో చూస్తాడు. కాలేజీ పేరు పక్కనే ఫీజు అంకె కూడా ఉంటుంది, దాన్ని చూసేవాళ్ళు తక్కువ. ఆప్షన్లు పెట్టే రోజు తల్లిదండ్రులు పక్కన కూర్చోండి. చదువురాకపోయినా ఫర్వాలేదు, ఒక్కో కాలేజీకి "మనం కట్టేది ఎంత బిడ్డా?" అని అడగండి చాలు. ఆ అంకె చెప్పలేకపోతే ఆ ఆప్షన్ పెట్టొద్దనండి.

ప్రభుత్వ విశ్వవిద్యాలయ కాలేజీలను మన పిల్లలు ఎందుకు చిన్నచూపు చూస్తారో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు. కాకతీయ యూనివర్సిటీకి ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి. జేఎన్టీయూకు జగిత్యాల దగ్గర కొండగట్టులో ఉంది, మంథనిలో ఉంది, సిరిసిల్లలో ఉంది. పదో తరగతి అయినవాళ్ళు మీ ఇళ్ళల్లో ఉంటే బాసర ట్రిపుల్ ఐటీ ఉంది, ఇంటర్‌తో కలిపి ఆరేళ్ళ చదువు. ఇంజినీరింగే అని కూడా లేదు. సుబేదారి ఆర్ట్స్ కాలేజీలో డిగ్రీ చదివి పెద్ద ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు ఈ ఊళ్ళో వీధికొకరు కనిపిస్తారు. అమ్మాయిలకు గురుకుల డిగ్రీ కళాశాలల్లో చదువు, భోజనం, వసతి అన్నీ ప్రభుత్వానివే. డిగ్రీ సీట్ల కోసం ఆన్‌లైన్‌లో దోస్త్‌లో నమోదయ్యే ముందు వాటి నోటిఫికేషన్ కూడా చూసుకోండి.

మన ఇంటి ముందున్న ఎన్ఐటీ, అదే పాత రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, దాని సంగతి చాలామందికి తెలియదు. ఎన్ఐటీ ఫీజు విని "అది మనకెక్కడ" అనుకుంటారు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు బీటెక్‌లో ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. ఏ కులమైనా కుటుంబ ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే పూర్తి మాఫీ, లక్ష నుంచి అయిదు లక్షల మధ్య ఉంటే మూడింట రెండు వంతులు మాఫీ. జేఈఈ ర్యాంకు వచ్చిన పేద పిల్లవాడికి కొన్ని ప్రైవేటు కాలేజీల కన్నా ఎన్ఐటీయే చవక పడుతుంది.

ఫిర్యాదు అన్నాను కదా, అది చెబుతాను. రీయింబర్స్‌మెంట్ డబ్బు టైముకు రావడం లేదు. ఏళ్ళ తరబడి బకాయిలు పేరుకుపోయాయి. 2025 నవంబరు మొదటివారంలో రాష్ట్రంలో ప్రైవేటు కాలేజీలు ఈ బకాయిల కోసమే బంద్ పెట్టాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య జరిగే ఈ పేచీలో నలిగేది పిల్లలు. నాకు తెలిసిన ఒక అమ్మాయి బీఫార్మసీ అయిపోయింది, హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది, చేరడానికి ఒరిజినల్స్ కావాలి. కాలేజీ వాళ్ళు "మీ రీయింబర్స్‌మెంట్ రాలేదు, ముందు మీరు కట్టండి, అది వచ్చాక వాపసు ఇస్తాం" అన్నారు. వాళ్ళ నాన్న మిత్తికి తెచ్చి కట్టాడు. వాపసు కోసం తర్వాత ఎన్నిసార్లు ఆ ఆఫీసు మెట్లెక్కాడో అడిగితే ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ప్రభుత్వం తన బాకీ తాను తీర్చకపోతే ఆ బాకీని కూలీ చేసుకునే మనిషి నెత్తిన రుద్దడం అన్యాయం. ఈ మాట ఏ వేదిక మీదయినా అంటాను.

అందుకని రెండు జాగ్రత్తలు. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, సరిచూసుకోనివ్వండి, జిరాక్సు ప్రతులు ఇచ్చి ఒరిజినల్స్ వెనక్కి తీసుకోండి. కాలేజీలు ఒరిజినల్స్ తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని 2018లోనే విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ స్పష్టంగా చెప్పింది. చేరాక మనసు మారితే గడువును బట్టి ఫీజు ఎంత వాపసివ్వాలో కూడా అందులోనే ఉంది. రెండో జాగ్రత్త, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు. "రీయింబర్స్‌మెంట్ వస్తే తిరిగి ఇస్తాం" అని కట్టించుకుంటే ఆ మాట రసీదు మీదే రాయించుకోండి. రాయం అంటే కట్టే ముందే సంక్షేమ శాఖ అధికారికి అర్జీ పెట్టండి. అర్జీ నకలు మీద ఆఫీసు ముద్ర వేయించుకోవడం మరచిపోవద్దు.

ఇక కాయితాలు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. అర్హత ఉండి కూడా సాయం అందని పిల్లలను నేను చూసినంతలో, ఎక్కువమంది ఈ కాయితాల దగ్గరే ఆగిపోయారు.

పరకాల వైపు నుంచి వచ్చిన ఒక విద్యార్థిని రెండు కాయితాలు నా టేబుల్ మీద పెట్టింది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత పేరు. ఆధార్‌లో ముందు పేరు, చివర ఇంటిపేరు పూర్తిగా. ఇంగ్లీషులో మెమో మీద పేరుకు చివర ఒక 'ఎ' ఉంది, ఆధార్‌లో రెండున్నాయి. మనం చదివితే రెండూ ఒకటే పేరు. కంప్యూటరుకు మాత్రం ఇద్దరు మనుషులు. ఈపాస్‌లో వివరాలు కలవక దరఖాస్తు ముందుకు పోలేదు. తీరా ఆధార్ దిద్దించుకునే సరికి నెల గడిచింది. ఆ అమ్మాయి ఆ నెలంతా నిద్రపోలేదు.

కాబట్టి ఇవాళ ఇంటికి వెళ్ళగానే పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టండి. పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరం అక్షరం చూడండి. తేడా ఉంటే మెమోలో ఉన్నట్టే ఆధార్ మార్పించుకోండి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కేంద్రంలో ఆపరేటరు కొట్టినదాన్ని స్క్రీన్ మీద మీరే చదివి, సరిగా ఉందనుకున్నాకే సరే అనండి.

రెండోది ఆదాయ ధ్రువీకరణ పత్రం. మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దారు ఇస్తారు. కుల ధ్రువీకరణ పత్రం ఒకసారి తీసుకుంటే ఉంటుంది కానీ ఆదాయానిది పాతది చెల్లదు, తాజాది ఉండాలి. కౌన్సెలింగు మొదలయ్యాక మీసేవల దగ్గర బారులు తీరతారు. ఇప్పుడైతే ఖాళీగా ఉన్నాయి.

మూడోది బ్యాంకు ఖాతా. దీని గురించి పిల్లలు జాగ్రత్తగా వినండి. స్కాలర్‌షిప్ మీ ఆధార్ ఏ బ్యాంకుకు ముడిపడి ఉందో ఆ ఖాతాలో పడుతుంది. ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే ముడిపడుతుంది, అందరికన్నా చివర ఎవరితో ముడి వేశారో వాళ్ళదే చెల్లుతుంది. మీరు స్కూల్లో ఉన్నప్పుడు గ్రామీణ బ్యాంకులో ఖాతా తీశారు. తర్వాత సిమ్ కార్డు కొన్నప్పుడో, ఏదో యాప్ వేసుకున్నప్పుడో ఒక పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరుచుకుంది. ముడి అటు వెళ్ళిపోయింది. డబ్బు అక్కడ పడుతుంది, మీరు ఇక్కడ పాస్‌బుక్ కొట్టించుకుంటూ "రాలేదు సార్" అంటారు. ఆధార్ వెబ్‌సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని ఉంటుంది, రెండు నిమిషాల పని, చూసుకోండి. ఇంకొకటి. మైనరుగా ఉన్నప్పుడు తెరిచిన ఖాతాలకు పద్దెనిమిదేళ్ళు నిండాక మళ్ళీ కేవైసీ, అంటే గుర్తింపు కాయితాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఖాతా ఆగిపోతుంది. బ్యాంకుకు వెళ్ళి ఒక సంతకం పెట్టి రండి.

ఇప్పటిదాకా రెండు లక్షల లోపు ఆదాయం గురించి మాట్లాడాను. ఈ హాల్లో ఆ గీత దాటినవాళ్ళూ ఉంటారు. చిన్న ఉద్యోగం, కిరాణా కొట్టు, సింగరేణిలో కొలువు. వీళ్ళకు రీయింబర్స్‌మెంట్ రాదు, సొంతంగా కట్టేంత స్తోమతా ఉండదు. వీళ్ళు కేంద్రం నడిపే నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్ చూడాలి. ఇంటర్‌లో మీ బోర్డులో పై 20 శాతంలో ఉండి, ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ ఉంది. డిగ్రీ మూడేళ్ళు ఏడాదికి 12 వేలు, పీజీలో 20 వేలు. దేశం మొత్తం మీద ఏటా 82 వేల మందికి కొత్తగా ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకే. రీయింబర్స్‌మెంట్ తీసుకునేవాళ్ళకు ఇది రాదు. రెండూ పెట్టేసి ఏదొస్తే అది అనుకుంటే ఒక్కోసారి రెండూ చిక్కుల్లో పడతాయి. ఏది లాభమో లెక్క చూసుకుని ఒకటి పెట్టండి.

ఇంజినీరింగ్‌లోనో డిప్లొమాలోనో మొదటి ఏడాది చేరే అమ్మాయిలకు సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ వాళ్ళ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50 వేలు. ఆదాయ పరిమితి ఎనిమిది లక్షలు. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిలకు ఇస్తారు. దివ్యాంగులకు సక్షమ్ అని అదే మొత్తం. అమ్మానాన్న లేని పిల్లలకు స్వనాథ్ అని ఉంది. ఇవి ఉన్నాయని కాలేజీ నోటీసు బోర్డు మీద పెట్టినా పిల్లలు చదవరు, చాలా చోట్ల అసలు పెట్టరు.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే తల్లులు ఎంతమందో మీకు తెలుసు. ఆ పిల్లలు ఎవరైనా ఇక్కడుంటే వినండి. బీడీ కార్మికుల పిల్లలకు కేంద్ర కార్మిక శాఖ స్కాలర్‌షిప్ ఇస్తుంది. ఒకటో తరగతికి వెయ్యి రూపాయలతో మొదలై డిగ్రీకి ఆరు వేలు, ఇంజినీరింగ్, మెడిసిన్ లాంటి వాటికి 25 వేల దాకా. తల్లికి బీడీ కార్మికురాలిగా గుర్తింపు కార్డు ఉండాలి. దరఖాస్తు అదే నేషనల్ పోర్టల్‌లో. పీఎఫ్ కోసం, పింఛను కోసం ఆ కార్డును ఎంతో భద్రంగా దాచుకుంటారు, దానితో కూతురి చదువుకు డబ్బొస్తుందని మాత్రం ఆ తల్లికి ఎవరూ చెప్పరు.

ప్రభుత్వ బడిలో, ప్రభుత్వ కాలేజీలో పది, ఇంటర్ చదివిన అమ్మాయిలు డిగ్రీ మొదటి ఏడాది చేరితే అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఏడాదికి 30 వేలు ఇస్తోంది. తెలంగాణ కూడా అందులో ఉంది. ఇది కాలేజీకి పోదు, అమ్మాయి ఖాతాలోనే పడుతుంది. రిలయన్స్ ఫౌండేషన్ అబ్బాయిలకూ అమ్మాయిలకూ డిగ్రీ మొత్తానికి రెండు లక్షల దాకా ఇస్తుంది, దానికి ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ పరీక్ష రాయాలి.

అమ్మాయిల మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. కొడుక్కు మేనేజ్‌మెంట్ సీటు కోసం ఎకరం అమ్మి, వాడికన్నా మార్కులు ఎక్కువ తెచ్చుకున్న బిడ్డను "దగ్గర్లో ఏదో డిగ్రీ చెయ్యి" అనే ఇళ్ళు నేను చాలా చూశాను. ఇప్పుడు చెప్పిన వాటిలో కొన్ని అమ్మాయిల కోసమే పెట్టినవి. ఆమె చదువుకు మీరు అమ్మాల్సింది ఏమీ లేకపోవచ్చు. దరఖాస్తు పెట్టనివ్వండి, హైదరాబాద్ అయినా పంపించండి.

ఇన్ని చేసినా తక్కువ పడుతుంది కొందరికి. అప్పు చేయాలి. అప్పు అనగానే మన ఊళ్ళల్లో గుర్తొచ్చేది నూటికి రెండు రూపాయల మిత్తి. మళ్ళీ నోటుబుక్కు తీయండి. నాలుగేళ్ళ చదువుకు ఏడాదికో లక్ష చొప్పున తెచ్చారు. రెండు రూపాయల మిత్తి అంటే లక్షకు ఏడాదికి 24 వేలు. మొదటి ఏడాది 24 వేలు, రెండో ఏడాది 48 వేలు, మూడో ఏడాది 72, నాలుగో ఏడాది 96. పిల్లవాడి చేతికి పట్టా వచ్చేసరికి మిత్తి ఒక్కటే 2 లక్షల 40 వేలు. అదే బ్యాంకులో విద్యారుణం పది శాతం వడ్డీకి తీసుకుంటే, బ్యాంకు కూడా ఏ ఏడాది ఫీజు ఆ ఏడాదే విడుదల చేస్తుంది కాబట్టి, పది, ఇరవై, ముప్ఫై, నలభై. మొత్తం లక్ష. తేడా లక్షా నలభై వేలు. బ్యాంకులో ఈ వడ్డీ వెంటనే కట్టనక్కర్లేదు. చదువు అయిపోయి ఇంకో ఏడాది గడిచాక వాయిదాలు మొదలవుతాయి, పదిహేనేళ్ళ దాకా తీర్చుకోవచ్చు.

ఇంకా ఉంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం పీఎం విద్యాలక్ష్మి పథకానికి ఆమోదం ఇచ్చింది. దేశంలో ఎంపిక చేసిన ఎనిమిది వందలకు పైగా నాణ్యమైన విద్యాసంస్థల్లో సీటు వస్తే తాకట్టు లేకుండా, హామీదారు లేకుండా రుణం ఇస్తారు. మన ఎన్ఐటీ లాంటి సంస్థలు ఆ జాబితాలో ఉంటాయి. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే పది లక్షల రుణం దాకా వడ్డీలో మూడు శాతం రాయితీ. ఆదాయం నాలుగున్నర లక్షల లోపుండి టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సులు చదివేవాళ్ళకు చదువు కాలం, ఆ పైన ఒక ఏడాది వడ్డీ మొత్తం ప్రభుత్వమే కడుతుంది. ఇందాక మనం వేసిన లక్ష వడ్డీ వాళ్ళకు సున్నా అవుతుందన్నమాట. ఆ జాబితాలో లేని కాలేజీ అయినా నాలుగు లక్షల దాకా రుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదు.

"మేనేజరు ఇవ్వనంటున్నాడు సార్" అంటారు. నోటిమాటగా అడిగితే నోటిమాటగానే లేదంటాడు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు పెట్టండి, నంబరు వస్తుంది. తిరస్కరిస్తే కారణం రాయాల్సి ఉంటుంది. ఆ కారణం పట్టుకుని పై ఆఫీసుకు వెళ్ళొచ్చు. చేరే కాలేజీ గుర్తింపు, ఫీజు వివరాల కాయితం, మార్కుల మెమోలు, తండ్రి ఆదాయం, అన్నీ ఒక ఫైలులో పెట్టుకుని వెళ్ళిన విద్యార్థితో మేనేజరు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

విదేశీ చదువుల గురించి కొద్దిగా చెప్పి వదిలేస్తాను, ఇక్కడున్నవాళ్ళకు అది ఇంకా నాలుగేళ్ళ తర్వాతి మాట. ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో పథకాలున్నాయి. పీజీకి 20 లక్షల దాకా, వెళ్ళేటప్పుడు విమాన టికెట్టు. ఆదాయం అయిదు లక్షల లోపుండాలి. డిగ్రీలో మార్కులు కూడా చూస్తారు, అందుకే ఆ ఆలోచన ఉన్నవాళ్ళు మొదటి సెమిస్టర్ నుంచే మార్కుల మీద కన్నేసి ఉంచండి. కన్సల్టెన్సీ వాడి మాట విని భూమి కాయితాలు బ్యాంకులో పెట్టే ముందు ఇది చూడండి.

ఒక హెచ్చరిక కూడా. "మీకు స్కాలర్‌షిప్ మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు కట్టండి, ఓటీపీ చెప్పండి" అని ఫోన్లొస్తాయి. ఏ ప్రభుత్వ స్కాలర్‌షిప్పూ డబ్బు కట్టించుకుని డబ్బు ఇవ్వదు. ఫోన్ పెట్టేయండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. వెనకాల అమ్మ చెయ్యెత్తింది, చెప్పమ్మా.

(ఒక తల్లి: సారూ, మా పిల్లగానికి ర్యాంకు మంచిగ రాకపోతే లక్ష, లక్షన్నర పెట్టి మేనేజ్‌మెంట్ల చేర్పియ్యాల్నా, ఏడాది ఆగాల్నా?)

ఆ రెండే కాదమ్మా, ఇంకా దారులున్నాయి. కన్వీనర్ కోటాలో వేరే బ్రాంచి, వేరే ఊరు చూడండి. మెకానికల్, సివిల్, ఈఈఈ లాంటి వాటిలో చివరి విడత దాకా సీట్లు మిగులుతుంటాయి. చివరి విడత కౌన్సెలింగ్ అయ్యేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి. బీఎస్సీ, బీకాం కంప్యూటర్స్ చేసి ఆ తర్వాత ఎంసీఏకు వెళ్ళే దారి ఉంది, మొత్తం ఖర్చు మేనేజ్‌మెంట్ సీటు ఒక్క ఏడాది ఫీజు కన్నా తక్కువలో అయిపోయినవాళ్ళున్నారు. ఏడాది ఆగి మళ్ళీ పరీక్ష రాసే లాంగ్ టర్మ్ కోచింగ్ మాత్రం పిల్లవాడు తనంతట తాను అడిగితేనే పెట్టండి. మీ ఆయన పేరు మీద ఇప్పటికే మిత్తి అప్పులుంటే మేనేజ్‌మెంట్ సీటు ఊసే ఎత్తొద్దు.

(ఒక విద్యార్థి: సార్, లోన్ తీసుకున్నాక ఉద్యోగం రాకపోతే ఎట్లా?)

మంచి ప్రశ్న అడిగావు బిడ్డా. ఆ భయం ఉండాల్సిందే. రుణం తీసుకునే ముందు ఆ కాలేజీలో నీ బ్రాంచి నుంచి కిందటేడు బయటికి వెళ్ళిన పిల్లలను నలుగురిని వెతికి పట్టుకో. కాలేజీ బ్రోచర్ చూడకు, ఆ నలుగురిని అడుగు. ఉద్యోగం వచ్చిందా, జీతం ఎంత? అయిదు లక్షల రుణానికి పది శాతం వడ్డీ మీద, పదేళ్ళ వాయిదా అయితే నెలకు సుమారు ఆరు వేల ఆరు వందలు కట్టాలి. ఆ నలుగురి జీతాల్లోంచి ఇంటద్దె, తిండి పోను అంత మిగులుతుందా అని చూడు. మిగలదనిపిస్తే ఆ కాలేజీకి అంత రుణం వద్దు, తక్కువ ఫీజు చోటు చూడు. వాయిదాలు మొదలయ్యే టైముకు ఉద్యోగం దొరక్కపోతే బ్యాంకుకు మొహం చాటేయకు. గడువు పొడిగించమని ముందే రాతపూర్వకంగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు. చెప్పకుండా ఆగిపోతే, మళ్ళీ అప్పు ఇచ్చే ముందు బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు పోతుంది, నీదీ, నీతో సంతకం పెట్టిన మీ నాన్నదీ.

(ఒక తండ్రి: మా బిడ్డ మెమోల నా పేరే తప్పు పడ్డది సార్. ఇప్పుడేం జెయ్యాలె?)

మెమోలోనే తప్పుంటే ఆధార్ ముట్టుకోవద్దు. చదివిన బడి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళండి, అడ్మిషన్ రిజిస్టరులో మీ పేరు ఎలా ఉందో ముందు చూడమనండి. రిజిస్టరులో సరిగా ఉండి మెమోలో తప్పు పడితే హెడ్మాస్టరు ద్వారానే ఎస్సెస్సీ బోర్డుకు దరఖాస్తు పోతుంది. వేసవి సెలవులు ఇచ్చేస్తే హెడ్మాస్టరు దొరకడం కష్టం, ఈ వారంలోనే వెళ్ళండి. ఎవరైనా మెమో, ఆధార్ వెంట తెచ్చుకుని ఉంటే ఇక్కడ టేబుల్ దగ్గరికి రండి, ఇప్పుడే కలిపి చూద్దాం. దూరం ఊళ్ళవాళ్ళు ముందు రండి, మీ చివరి బస్సు పోకూడదు.